చికాగోలో బడి పెత్తనం ఎవరిది?

సభకు నమస్కారం.

ఈ హాల్లో ఎక్కువమంది చికాగో శివార్లు నేపర్‌విల్, అరోరా వైపు నుంచి వచ్చినవాళ్లే. ఇల్లు కొనేముందు "స్కూల్ డిస్ట్రిక్ట్ ఏది?" అని అడగని తెలుగువాళ్లు ఉండరు. అక్కడి బడులకి పదికి ఎంత రేటింగో కంఠతా చెబుతాం. ఆ డిస్ట్రిక్ట్‌ని నడిపే బోర్డులో ఎవరున్నారని అడిగితే మాత్రం పక్కవాళ్ల మొహం చూస్తాం. మన సబర్బుల్లో లెక్క తేలికే. ఏడుగురు సభ్యులు, జీతం ఉండదు, పార్టీ గుర్తు ఉండదు, బేసి సంవత్సరం ఏప్రిల్‌లో ఎన్నిక. పక్కనే ఉన్న చికాగోలో మాత్రం ఇది దశాబ్దాల తగువు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక కాగితం చూద్దాం. చికాగో ఉన్న కుక్ కౌంటీ నుంచి వచ్చే ఇంటిపన్ను బిల్లు. కట్టాల్సిన మొత్తం కింద వరసగా పేర్లుంటాయి: నగరం, కౌంటీ, పార్కులు, మురుగునీటి సంస్థ, అడవుల సంస్థ, కమ్యూనిటీ కాలేజీ, స్కూల్ బోర్డు. ప్రతి పేరూ ఒక ప్రభుత్వమే. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి స్థానిక సంస్థలు సుమారు 7,000 ఉన్నాయి, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. చికాగోలో ఇంటిపన్నులో సగానికి పైగా బడులకే పోతుంది. నగరానికి 50 వార్డులు, 50 మంది ఆల్డర్‌మెన్, అంటే మన కార్పొరేటర్ల లాంటివాళ్లు, పైన మేయరు. కానీ చట్టం దృష్టిలో స్కూల్ బోర్డు నగరపాలక సంస్థలో ఒక శాఖ కాదు, దాని ఖాతా వేరు. పన్ను పెద్దముక్క తీసుకునే ఆ బోర్డుకి 2024 దాకా నగర ప్రజలు ఒక్కసారి కూడా ఓటేసి సభ్యుణ్ణి పంపలేదు.

1995లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి బోర్డు నియామకాన్ని పూర్తిగా మేయర్ రిచర్డ్ ఎం. డేలీ చేతిలో పెట్టింది. అంతకుముందు పేర్లను వడబోయడానికి ఒక సంఘం ఉండేది. అదీ పోయింది. సూపరింటెండెంట్ పదవి తీసేసి సీఈఓ అన్నారు. మొదటి సీఈఓ పాల్ వల్లాస్, అప్పటిదాకా నగర బడ్జెట్ చూసిన మనిషి. బడి నడపడానికి లెక్కల మనిషిని తేవడం అప్పట్లో కొత్త. బాధ్యత ఒక్కరి మీద ఉంటే నిలదీయడం సులువని వాదించారు. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ మేయర్ రామ్ ఇమాన్యుయేల్ హయాంలో, 2013 మే నెలలో, ఆయన నియమించిన బోర్డు ఒకే సమావేశంలో 50 బడులు మూసెయ్యడానికి ఓటేసింది. ఎక్కువ దెబ్బ నల్లజాతి పిల్లలున్న పేటలకే తగిలింది. తల్లిదండ్రులు మైకు ముందు ఎంత మొత్తుకున్నా, ఎదురుగా కూర్చున్నవాళ్లకి వాళ్ల ఓటుతో పని లేదు. అదే అసలు కోపం. 2015లో 37 వార్డుల్లో సలహా ఓటింగ్ పెడితే దాదాపు 90 శాతం మంది ఎన్నికైన బోర్డే కావాలన్నారు. 2021లో ఎన్నికైన బోర్డు కోసం చట్టం వచ్చింది.

2024 నవంబరులో పది నియోజకవర్గాల నుంచి పదిమందిని జనం ఎన్నుకున్నారు. అధ్యక్షుడితో కలిపి 11 మందిని మేయరు నియమించారు. అంటే మెజారిటీ ఇంకా మేయరుదే! చట్టం ప్రకారం 2026 నవంబరు ఎన్నికతో మొత్తం 21 స్థానాలూ జనం చేతికొస్తాయి. అధ్యక్ష పదవికి ఊరంతా ఓటేస్తుంది.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. 2024 ఎన్నికకి నెల ముందు, అప్పటి బోర్డు సభ్యులు ఏడుగురూ రాజీనామా ప్రకటించారు. గొడవంతా డబ్బు దగ్గర. బడుల్లో పనిచేసే టీచర్లు కాని సిబ్బంది పెన్షన్ నగరం నడిపే నిధిలోంచి వస్తుంది. చట్టప్రకారం ఆ భారం నగరానిదే. కానీ పిల్లల బడ్జెట్లోంచి 175 మిలియన్ డాలర్లు తమకు తిరిగి కట్టాలని నగరం అడిగింది. మేయర్ బ్రాండన్ జాన్సన్ 300 మిలియన్ల అప్పు తెమ్మన్నారు, సీఈఓ పెడ్రో మార్టినెజ్ కుదరదన్నారు. కొత్తగా నియమించిన బోర్డు డిసెంబరులో ఆయన్ను తీసేసింది. ఎన్నికైన బోర్డు వచ్చాక కూడా ఈ పెన్షన్ పీటముడి విడిపోదు. ఎందుకంటే ఓటు బోర్డుని మారుస్తుంది కానీ రెండు ఖాతాల మధ్య ఉన్న లంకెని మార్చదు.

ఇంత రచ్చలో ఎవరూ పట్టించుకోని సంస్థ ఒకటుంది. నాకైతే అదే అన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. 1988 సంస్కరణ చట్టం ప్రతి బడికీ ఒక స్థానిక పాఠశాల మండలి ఇచ్చింది. ప్రాథమిక బడిలో ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు పేటవాసులు, ఇద్దరు టీచర్లు, ఒక సిబ్బంది ప్రతినిధి, ప్రిన్సిపాల్. హైస్కూళ్లలో విద్యార్థులకీ చోటుంది. ప్రిన్సిపాల్‌ని ఎంచుకుని నాలుగేళ్ల కాంట్రాక్టు ఇచ్చేది ఈ మండలే. బడి చేతిలో ఉండే ఖర్చు లెక్కకు ఆమోదముద్ర కూడా దీనిదే. మనూళ్లో బోర్డు మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని ఉంటుంది, హెడ్మాస్టరు మాత్రం బదిలీల కౌన్సెలింగ్‌లో వస్తారు. విద్యాహక్కు చట్టం కింద యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, అయినా హెడ్మాస్టరు విషయంలో వాళ్ల మాట చెల్లదు. ఇక్కడ చికాగోలో అమ్మలూ నాన్నలూ సాయంత్రం లైబ్రరీ గదిలో బల్ల చుట్టూ కూర్చుని, ప్రిన్సిపాల్ ఉద్యోగానికి వచ్చినవాళ్లని ఇంటర్వ్యూ చేస్తారు. అన్ని బడుల్లోనూ కాదనుకోండి. ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే చార్టర్ స్కూళ్లలో ఈ మండలి ఉండదు. ఫలితాలు బాగాలేని బడుల్లో పైవాళ్లు అడ్డం పడొచ్చు. చాలాచోట్ల పోటీ లేక కుర్చీలు ఖాళీగానే ఉంటాయి.

ఇంకో సంగతి. మండలి ఎన్నికలో ఓటేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. పిల్లాడు ఆ బడిలో చదువుతుంటే చాలు, పోటీ కూడా చేయొచ్చు. హెచ్-1బీ మీద నగరంలో ఉన్న మనవాళ్లకి, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకి, ఈ దేశంలో చెల్లే ఓటు ఉన్న అరుదైన చోటు ఇది. నగరం నడిబొడ్డున లూప్‌లో, వెస్ట్ లూప్‌లో అద్దెకుంటూ పిల్లల్ని పబ్లిక్ స్కూల్‌కి పంపేవాళ్లు మనలో కొందరున్నారు. ఈ ఎన్నిక రెండేళ్లకోసారి వస్తుంది. బడి ఆఫీసులో అడిగితే నామినేషన్ ఫారం ఇస్తారు.

పెద్ద బోర్డు ఎన్నికలో ఓటు పౌరులకే. అలాంటివాళ్లు నగరంలో మీకు తెలిస్తే, ఇంటి మెట్లెక్కి వచ్చిన అభ్యర్థిని రేటింగుల గురించి తర్వాత అడగమనండి. ముందు ఆ 175 మిలియన్లు ఎవరు కట్టాలో అడగమనండి. ఇక మీ ప్రశ్నలు చెప్పండి, వెనక వరస నుంచి మొదలుపెడదాం.