అన్‌ఇనిషియలైజ్డ్ వేరియబుల్ వార్నింగ్: జీసీసీని నమ్మొచ్చా, క్లాంగ్‌ని నమ్మొచ్చా?

నమస్తే అండీ. సీ భాషలో లోకల్ వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండా వాడితే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది కదా, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఈరోజు చూద్దాం. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ.

స్క్రీన్ మీద ప్రోగ్రామ్ చూడండి. ఇంట్ డిస్కౌంట్ అని డిక్లేర్ చేసి వదిలేశాను. బిల్లు 1000 దాటితే డిస్కౌంట్ 100. ఎల్స్ రాయలేదు. చివర్లో బిల్లులోంచి డిస్కౌంట్ తీసేసి ప్రింట్ చేస్తున్నాను.

ముందు క్లాంగ్. హైఫన్ డబ్ల్యూ ఆల్, అంటే ముఖ్యమైన వార్నింగులన్నీ చూపించమనే ఫ్లాగ్, ఇచ్చానంతే, ఇఫ్ షరతు తప్పయితే డిస్కౌంట్‌కి విలువ ఉండదని ఆ లైన్ దగ్గరే గుర్తు పెట్టి చూపించింది. ఆ విలువ తర్వాత ఎక్కడ వాడానో కూడా చెప్పింది. చాలా నచ్చింది నాకు.

ఇప్పుడు జీసీసీ, అదే ఫ్లాగ్. ఏమీ రాలేదు. "మేబీ అన్‌ఇనిషియలైజ్డ్" అనే ఈ రకం వార్నింగ్‌కి ఆప్టిమైజేషన్, అంటే ప్రోగ్రామ్ వేగంగా నడిచేలా కోడ్‌ని మార్చే పని, ఆన్‌లో ఉండాలి, సరే, దాన్ని ఆన్ చేసే ఓ2 ఫ్లాగ్ పెడదాం. అయినా రాలేదు! బిల్లు 500 ఇచ్చాను, 400 వచ్చింది. చూశారా, డిస్కౌంట్ అందరికీ ఇచ్చేసింది. విలువ లేని చోట కంపైలర్ ఏ విలువైనా అనుకోవచ్చు. ఒక దారిలో 100, ఇంకో దారిలో ఏదైనా ఒకటే, అందుకని రెండు చోట్లా 100 అనుకొని ఇఫ్‌నే ఎత్తేసింది. వార్నింగ్ వెతికే దశకి వచ్చేసరికి పట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. జీసీసీ బగ్ 18501 ఇదే, 2004లో నమోదైంది.

ఇంకోవైపు, తప్పు లేని కోడ్ మీద కూడా జీసీసీలో ఇదే "మేబీ" వార్నింగ్ వస్తుంటుంది. ఆ గోల భరించలేక 2020లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ మూల భాగం) మామూలు బిల్డ్‌లో దీన్ని ఆపేశారు.

వార్నింగ్ వచ్చింది కదా అని వెంటనే ఈక్వల్ టు సున్నా పెట్టేయకండి, దయచేసి. ఇక్కడ డిస్కౌంట్‌కి సున్నా సరిపోతుంది. అదే వడ్డీ రేటు అయితే? వార్నింగ్ పోతుంది, తప్పు లోపలే ఉండిపోతుంది. మర్చిపోయిన ఎల్స్ ఏదో ముందు వెతకండి.

రెండు కంపైలర్లూ వదిలేసేది ఒకటుంది: యూజర్ కొట్టింది చదివే స్కాన్ఎఫ్ ఫంక్షన్. వేరియబుల్ అడ్రస్ ఇచ్చాం కాబట్టి విలువ వచ్చేసే ఉంటుందని ఊరుకుంటాయి. అంకె అడిగిన చోట యూజర్ అక్షరాలు కొడితే ఆ వేరియబుల్‌లోకి ఏమీ రాదు. ఎన్ని విలువలు చదివిందో స్కాన్ఎఫ్ తిరిగి ఇచ్చే సంఖ్య చెబుతుంది, దాన్ని చెక్ చేయండి. మీ ప్రోగ్రామ్‌ని వాల్‌గ్రైండ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టుకునే టూల్‌లో, రన్ చేసి, ఏబీసీ అని కొట్టి, ఏం వచ్చిందో కింద కామెంట్లో పెట్టండి. నేను చూస్తాను.