ఎటూ తేలని ఓట్లు

అందరికీ నమస్కారం. ఏఎల్ఎల్, ఏఎమ్ఎల్. రెండూ వేగంగా ముదిరే రక్త క్యాన్సర్లే, అంటే ల్యుకేమియాలే, కానీ వాడే మందులు వేరు. ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడితే రోగికి నష్టం. పాథాలజిస్టులు కణాలకు రంగులు వేసి, మైక్రోస్కోపులో చూసి, మరికొన్ని పరీక్షలు కలిపి తేలుస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు బాగానే తేలుస్తారు కూడా.

1999లో అమెరికా శాస్త్రవేత్తలు టాడ్ గోలబ్, ఎరిక్ లాండర్ బృందం ఇంకో దారి పట్టింది. మన ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే జన్యువులు అవే. ఏది ఎంత పనిచేస్తోందన్న దగ్గరే తేడా. పనిచేసే జన్యువు నుంచి ఆర్ఎన్ఏ అనే నకలు వస్తుంది. దాన్ని కొలిచారు. 38 ఎముక మజ్జ నమూనాలు, ఒక్కోదానిలో 6,817 జన్యువులు. తేడా బాగా చూపించిన 50 జన్యువులతో, నమూనా ఏఎల్ఎల్ అనా, ఏఎమ్ఎల్ అనా అని కంప్యూటర్‌లో ఓటింగ్ పెట్టారు. స్పష్టంగా తేడా చూపే జన్యువు ఓటుకు బరువెక్కువ. మెజారిటీ బొటాబొటీగా వస్తే జవాబు చెప్పకూడదు. కొత్తగా 34 నమూనాలు ఇస్తే 29కి గట్టిగా జవాబొచ్చింది, అన్నీ కరెక్టే. ఐదింటి సంగతి తేల్చలేదు. నాకు మాత్రం ఆ 29 కన్నా ఈ ఐదే ముద్దు.

ఎందుకంటే ఈ పనిలో మోసపోవడం చాలా తేలిక. రోగులు పదుల్లో, జన్యువులు వేలల్లో. అన్ని అంకెల్లో వెతికితే కాకతాళీయంగా సరిపోయేవి ఎలాగూ దొరుకుతాయి. ఒక రకం నమూనాలన్నీ సోమవారం, రెండో రకంవి గురువారం ల్యాబ్‌లో నడిపారనుకోండి, కంప్యూటర్ పట్టుకునేది క్యాన్సర్ రకాన్ని కాదు, వారాన్ని! అందుకే అది ఎన్నడూ చూడని నమూనాలతో పరీక్ష పెట్టాలి.

మరుసటి ఏడాది, అంటే 2000లో, ఒకే జబ్బుగా చూస్తున్న పెద్ద బి కణాల లింఫోమా అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్, ఇలాగే జన్యువుల పనిని కొలిచి చూస్తే రెండుగా విడిపోయింది. ఒక రకం రోగులు రెండో రకంవాళ్ల కన్నా ఎక్కువ కాలం బతికారు. రొమ్ము క్యాన్సర్‌లో లూమినల్, బేసల్ లాంటి రకాల పేర్లూ అప్పుడే వచ్చాయి.

మళ్లీ 1999 దగ్గరికి వస్తాను. ల్యుకేమియా లక్షణాలతో వచ్చిన ఒక రోగి నమూనాకు ఓట్లు ఏ పక్షానా నిలవలేదు. తిరగేసి చూస్తే, కండరాల్లో పనిచేయాల్సిన జన్యువులు అక్కడ జోరుగా పనిచేస్తున్నాయి. క్రోమోజోములు పరీక్షించారు. రెండోదానికీ పదమూడోదానికీ మధ్య ముక్కలు మారిపోయి ఉన్నాయి. అది ల్యుకేమియానే కాదు, ర్యాబ్డోమయోసార్కోమా అనే కండర క్యాన్సర్. అప్పటిదాకా ఇస్తున్న ఏఎమ్ఎల్ చికిత్స ఆపి, దానికి తగిన చికిత్స మొదలుపెట్టారు.