పనస జిగురూ, బేస్‌బాల్ పిచరూ

అందరికీ నమస్కారం. ముందు ఈ బంతి పట్టుకుని చూసి, పక్కవాళ్లకి ఇవ్వండి. కొత్తది, ఇవాళే డబ్బా విప్పాను. తోలు నున్నగా ఉండి వేళ్లు జారుతున్నాయి కదా? అందుకే అమెరికా మేజర్ లీగ్‌లో ప్రతి మ్యాచ్‌కీ ముందు కొత్త బంతులకి బురద రుద్దుతారు. జోక్ కాదు. ఆ మట్టి వచ్చేది మన న్యూజెర్సీ నుంచే, డెలావేర్ నదిలో కలిసే ఒక ఉపనది ఒడ్డు నుంచి. పిచర్ అంటే బంతి విసిరేవాడు, మన బౌలర్ లాంటివాడు. అతని వెనకాల రోజిన్ సంచి కూడా ఉంటుంది. పైన్ చెట్టు బంకతో చేసిన పొడి. దాన్ని చేతికి అద్దుకోవచ్చు. అంతకు మించి ఏం రాసినా తప్పే.

రూల్ అంత స్పష్టంగా ఉంటే, పిచర్లు బంతికి ఏదో రాస్తున్నారన్న గొడవెందుకు? రూల్ పుస్తకంలో ఒకటి, మైదానంలో ఇంకోటి కాబట్టి.

ఉమ్మి రాసి వేసే బంతిని 1920లో నిషేధించారు. కానీ అప్పటికే దానిమీద బతుకుతున్న 17 మందిని వదిలేశారు. వాళ్లలో చివరివాడు బర్లీ గ్రైమ్స్, 1934 దాకా చట్టబద్ధంగా ఉమ్మేస్తూనే ఆడాడు! ఆ తర్వాత గేలార్డ్ పెర్రీ అనే పిచర్. టోపీ, మెడ, చొక్కా తడుముకుంటూ బ్యాటర్‌కి టెన్షన్ పెట్టేవాడు. 1962లో లీగ్‌లోకి వచ్చిన మనిషిని బంతికి ఏదో రాసిన నేరం మీద మొదటిసారి బయటికి పంపింది 1982లో. 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు.

ఇక్కడొక తమాషా ఉంది. పాతవాళ్లు వాడింది జారేవి: ఉమ్మి, వాజిలైన్. వేళ్ల మధ్య నుంచి బంతి తిరగకుండా జారిపోయి, బ్యాటర్ దగ్గర చటుక్కున కిందికి దిగేది. ఇప్పటివాళ్లకి కావాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. వేలు బంతిని అతుక్కుని చివరి క్షణం దాకా లాగాలి, నిమిషానికి వందల చుట్లు అదనంగా తిరగాలి. వెనక్కి తిరుగుతూ వచ్చే ఫాస్ట్‌బాల్‌ని గాలి పైకి ఎత్తి పడుతుంది. బంతి నిజంగా పైకి లేవదు, పడాల్సినంత పడదు, అంతే. బ్యాట్ మాత్రం దాని కిందనుంచి ఊరికే ఊగిపోతుంది.

అలా అతికించే సరుకుల్లో పేరుమోసింది స్పైడర్ ట్యాక్. పెద్దపెద్ద రాతిగుండ్లు ఎత్తే బలశాలుల కోసం చేసిన జిగురు. పనసకాయ కోసినవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ: చేతికి నూనె రాసుకోకపోతే సబ్బుకి కూడా లొంగదు.

పిచర్లు సన్‌స్క్రీన్, రోజిన్ కలిపి రాసుకుంటే బ్యాటర్లు కూడా చాలాకాలం కిమ్మనలేదు. గంటకి 150 కిలోమీటర్ల బంతి చెయ్యి జారి తలకి తగలడం కన్నా అదే నయం అనుకున్నారు. 1920లోనే రే చాప్‌మన్ అనే బ్యాటర్ తలకి బంతి తగిలి చనిపోయాడు, ఆ భయం ఉత్తది కాదు. 2014లో న్యూయార్క్ యాంకీస్ జట్టు పిచర్ మైకేల్ పినెడా మెడమీద పైన్ టార్ (పైన్ చెట్టు నుంచి తీసే నల్లటి జిగురు) నిగనిగలాడుతూ దొరికి, 10 మ్యాచ్‌లు సస్పెండయ్యాడు. అప్పుడు చాలామంది విసుక్కున్నది వాడినందుకు కాదు, దాచుకోవడం రానందుకు!

2021లో మాత్రం పరుగులు ఎండిపోయాయి. దాంతో జూన్ 21 నుంచి అంపైర్లు జిగురు కోసం పిచర్ల చేతులు, టోపీ, బెల్టు తడమడం మొదలుపెట్టారు. స్పైడర్ ట్యాక్ వాడారా అని అడిగితే యాంకీస్ పిచర్ గెరిట్ కోల్ చాలాసేపు నీళ్లు నమిలాడు. సెర్జియో రోమో అనే పిచర్ ఈ తనిఖీకి చిరాకేసి మైదానంలోనే ప్యాంటు దించాడు. ఇంకో పిచర్ టైలర్ గ్లాస్‌నో మాట నాకు ఎక్కువ ఆలోచింపజేసింది: సీజన్ మధ్యలో ఉన్నపళంగా మానేయమంటే బంతిని గట్టిగా బిగించాల్సి వచ్చింది, అందుకే మోచెయ్యి దెబ్బతింది అన్నాడు. అతను చెప్పిన కారణం నిరూపించడం కష్టం. కానీ ఏళ్లపాటు చూసీ చూడనట్టు వదిలేసి, ఆట నడుమ పట్టుకోవడం లీగ్ చేసిన తప్పే అంటాను.

మన క్రికెట్ కూడా ఏం తక్కువ కాదు లెండి. 2018లో కేప్‌టౌన్‌లో బంతికి ఉప్పుకాగితం రుద్దిన గొడవకి ఆస్ట్రేలియా ఆటగాడు వార్నర్ మీద ఏడాది నిషేధం పడింది, సన్‌రైజర్స్ కెప్టెన్సీ పోయింది. 2019లో తిరిగొచ్చి 692 పరుగులు కొడితే హైదరాబాద్ నెత్తిన పెట్టుకుంది. అందులో నేనూ ఉన్నాను.

బంతి వెనక వరస దాకా వెళ్లిందా? ఇదిగో రోజిన్ సంచి కూడా పంపిస్తున్నా. కాస్త అద్దుకుని మళ్లీ పట్టుకోండి. బట్టలకి మాత్రం తుడుచుకోకండి, చేతులు కడుక్కునే చోటు కుడిపక్కన ఉంది.