లాగ్‌లు చూడ్డానికి వేరే కంటైనర్

నమస్కారమండీ. బెజవాడ ఎండకి ఫ్యాన్ ఆపలేకపోయాను, ఆ చప్పుడు కాస్త భరించండి.

ఇవాళ మన పని ఎల్‌నావ్‌తో. టెర్మినల్‌లోనే నడిచే లాగ్ వ్యూయర్ ఇది, అంటే యాప్ తన పని గురించి రాసుకునే లాగ్‌లని చూపించేది. నాలుగు ఫైళ్లు ఇస్తే టైమ్ ప్రకారం కలిపి ఒకే స్క్రీన్ మీద చూపిస్తుంది. చాలామంది దీన్ని నేరుగా యాప్ కంటైనర్‌లోనే, అంటే డాకర్‌లో యాప్ విడిగా నడిచే డబ్బాలాంటి దాంట్లోనే, ఇన్‌స్టాల్ చేసేస్తారు. వద్దండీ. రేపు ఆ కంటైనర్ తీసేసి కొత్తది లేపితే ఇదీ పోతుంది. కంటైనర్‌ని లేపే మూలం, అంటే ఇమేజ్, చిన్నదైతే ఒక్కోసారి కమాండ్లు కొట్టడానికి షెల్ కూడా ఉండదు.

వ్యూయర్ ఇమేజ్ ఎలా తయారవ్వాలో రాసిన నా డాకర్‌ఫైల్ చూడండి, మూడే లైన్లు. బేస్ డెబియన్ స్లిమ్ అనే చిన్న లినక్స్, ఆప్ట్‌తో ఎల్‌నావ్ ఇన్‌స్టాల్, ఎంట్రీపాయింట్ అంటే కంటైనర్ లేవగానే నడిచేది ఎల్‌నావ్. బిల్డ్ అయింది. ఇప్పుడు టైప్ చేస్తున్నా: డాకర్ రన్, హైఫన్ ఐటీ, డబుల్ హైఫన్ ఆర్ఎం, హైఫన్ వీ. తర్వాత యాప్ లాగ్‌లు రాసే వాల్యూమ్ (కంటైనర్ పోయినా డేటా మిగిలే చోటు) పేరు, కోలన్, స్లాష్ లాగ్స్, కోలన్, ఆర్ఓ. ఆ ఆర్ఓ, అంటే రీడ్ ఓన్లీ, మర్చిపోకండి, అది ఉంటే మన చెయ్యి జారినా లాగ్‌లకి ఏమీ కాదు. చివర ఇమేజ్ పేరు, స్లాష్ లాగ్స్. హైఫన్ ఐటీలో ఆ టీ లేకపోతే ఎల్‌నావ్ స్క్రీన్ సరిగ్గా రాదు.

మీ యాప్ లాగ్‌లని ఫైల్‌లో రాయకుండా స్టాండర్డ్ అవుట్‌కే, అంటే నేరుగా స్క్రీన్‌కే, పంపుతోందా? అప్పుడు హోస్ట్ మీదే, అంటే డాకర్ నడిచే మెషీన్ మీదే, ఎల్‌నావ్ పెట్టుకుని డాకర్ లాగ్స్ కమాండ్ ఇచ్చేదాన్ని దాంట్లోకి పైప్ చేయండి. పైప్‌కి ముందు 2, గ్రేటర్ దేన్, యాంపర్‌సాండ్ 1 పెట్టాలి. లేకపోతే స్టాండర్డ్ ఎర్రర్‌లో, అంటే ఎర్రర్ల కోసం ఉండే వేరే దారిలో, వచ్చేవి పైప్‌లోకి రావు. మనం వెతికేది సాధారణంగా వాటినే కదా!

మన డాకర్ రన్ స్క్రీన్ వచ్చేసింది. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం నొక్కితే తర్వాతి ఎర్రర్, షిఫ్ట్‌తో ‘ఈ’ నొక్కితే ముందుది.

ఇక్కడ టైమ్ చూశారా? 05:00. దీంతో నేను ఒకసారి బాగా ఇరుక్కున్నా. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ యాప్ చేసిచ్చాం. పొద్దున 11 గంటలకి ఫోన్: "బాబూ, పదిన్నర నుంచి బిల్లు రావట్లేదు, టిక్కీలు కాటా దగ్గరే ఆగిపోయాయి." టిక్కీలంటే మిర్చి బస్తాలు. టెన్షన్‌లో లాగ్ తెరిచి 10:30 కోసం వెతికా. లేదు. ఫైల్ 05:30 దగ్గరే అయిపోయింది. లాగింగే ఆగిపోయిందనుకుని కంటైనర్ రీస్టార్ట్ చేశా. అసలు ఎర్రర్ 05:00 దగ్గర నా కళ్లముందే ఉంది, డేటాబేస్ కనెక్షన్ దొరకలేదని! కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది, మన టైమ్‌కి అయిదున్నర గంటలు వెనక. యాప్ కంటైనర్‌కి టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌లో ఏషియా స్లాష్ కోల్‌కతా ఇస్తే సరిపోతుంది, ఇమేజ్‌లో టైమ్‌జోన్ల వివరాలుండే టీజెడ్‌డేటా ప్యాకేజీ ఉంటేనే సుమా.

క్యూ నొక్కుతున్నా, బయటికొచ్చాం. ఉన్న కంటైనర్లన్నీ చూపించే డాకర్ పీఎస్ హైఫన్ ఏ కొడదాం. మన వ్యూయర్ కంటైనర్ జాడ లేదు, డబుల్ హైఫన్ ఆర్ఎం ఇచ్చాం కదా, ఆగగానే తీసేసింది. యాప్ మాత్రం నడుస్తూనే ఉంది.