క్లూనీ: రాళ్ల కోసం అమ్మేసిన చర్చి

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లో, బర్గండీ ప్రాంతంలో క్లూనీ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు క్రైస్తవ లోకంలోకెల్లా పెద్ద చర్చి అక్కడే ఉండేది. పొడవు సుమారు 187 మీటర్లు. రోమ్‌లో ఇప్పటి సెయింట్ పీటర్స్ కట్టేదాకా దాన్ని మించింది లేదు.

910 ప్రాంతంలో అక్విటేన్ ప్రభువు విలియం క్లూనీలో క్రైస్తవ సన్యాసుల మఠానికి భూమి ఇచ్చాడు. ఇచ్చి, ఇక దాని మీద నాకు గానీ నా వారసులకు గానీ ఏ హక్కూ లేదని రాసిచ్చాడు. దానం చేసిన చేతులే పెత్తనం చేసే రోజుల్లో ఇది మామూలు మాట కాదు. క్లూనీ అంతగా ఎదగడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అక్కడ మౌనం కఠినంగా పాటించేవాళ్లు. భోజనం దగ్గర కూడా సైగలే. చేప కావాలంటే నీళ్లలో చేప తోక కదిలినట్టు చెయ్యి ఆడించాలి!

పెద్ద చర్చిని 1088లో మఠాధిపతి హ్యూ మొదలుపెట్టాడు. స్పెయిన్‌లోని లియోన్, కాస్టీల్ రాజ్యాల రాజు ఆరో అల్ఫోన్సో బంగారం పంపాడు. తమాషా ఏమిటంటే, ఆ బంగారం ముస్లిం రాజ్యాల నుంచి కప్పంగా వసూలు చేసింది. 1095లో పోప్ రెండో అర్బన్ వచ్చి ప్రధాన పీఠాన్ని ప్రతిష్ఠించాడు. ఆయన ఒకప్పుడు ఈ మఠం సన్యాసే. అదే ఏడాది క్లెర్మోలో తొలి క్రూసేడుకు, అంటే మతయుద్ధానికి, పిలుపిచ్చిందీ ఆయనే.

తర్వాత శతాబ్దాల్లో మఠాధిపతి పదవి పెద్దమనుషులకు ఆదాయమార్గం అయిపోయింది. ఫ్రాన్స్ రాజుల ప్రధానమంత్రులు రిషెల్యూ, మజారెన్ కూడా ఆ పదవిలో ఉన్నవాళ్లే. ఫ్రెంచి విప్లవం వచ్చి మఠాన్ని మూసేసింది. 1798లో కట్టడాన్ని వ్యాపారులకు అమ్మేశారు. వాళ్లు చర్చి నడిమధ్య నుంచి వీధి వేశారు, రాళ్లు అమ్ముకున్నారు. పాతికేళ్ల పాటు కూలుస్తూనే ఉన్నారు. అంటే అంత గట్టిగా కట్టారన్నమాట.

వాళ్లను తిట్టే ముందు మన అమరావతిని తలుచుకోండి. సరిగ్గా ఆ ఏళ్లలోనే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు కొత్త కట్టడాల కోసం దీపాలదిన్నె తవ్వి స్తూపం రాళ్లు మోసుకెళ్లారు.

1928 నుంచి కెనెత్ కోనెంట్ అనే అమెరికన్ క్లూనీలో తవ్వకాలు జరిపి, చర్చి ఎలా ఉండేదో కాగితం మీద మళ్లీ నిలబెట్టాడు. నేల మీద మిగిలింది పదో వంతు కూడా లేదు. దక్షిణం వైపు ఎనిమిది పలకల గోపురం ఒకటి నిలిచింది. పీఠం చుట్టూ ఉన్న స్తంభాల తలల మీద సంగీత స్వరాలను మనుషుల రూపంలో చెక్కారు. వాటిని ఇప్పుడు 13వ శతాబ్దపు పిండి కొట్టులో పెట్టి చూపిస్తున్నారు. చర్చి పోయింది గానీ కొట్టు మాత్రం పదిలంగా ఉంది.