మోకాలు మార్చినట్టే బొటనవేలి కీలు కూడా మార్చుకోవచ్చా?

యాంకర్: నమస్కారం. మోకీలు మార్పిడి మనకిప్పుడు కొత్త కాదు. కాలి బొటనవేలి కీలు కూడా మారుస్తారంటే మాత్రం చాలామంది నమ్మరు. స్టూడియోలో ఎముకల డాక్టర్ గారు, ఫిజియోథెరపిస్ట్ గారు ఉన్నారు. వారితో పాటు రిటైరైన డ్రిల్లు మాస్టారు. మాస్టారూ, ఏమిటి ఇబ్బంది?

మాస్టారు: వేలు పైకి లేవదమ్మా. ముప్ఫై ఏళ్లు గ్రౌండ్‌లో పరిగెత్తిన కాలు, ఇప్పుడు మెట్లంటే భయపడుతోంది. కీలు మీద బుడిపె లేచి బూటుకి ఒరుసుకుంటోంది.

డాక్టర్: మీ కుడికాలి చెప్పు ఒకసారి ఇవ్వండి.

మాస్టారు: అయ్యో, చెప్పు మీ చేతికా సార్!

డాక్టర్: పర్లేదు, ఇవ్వండి. (తిరగేసి) చూడండి, చిటికెనవేలి వైపు అంచు కాగితంలా అరిగింది. బొటనవేలి కింద మాత్రం కొత్తదానిలాగే ఉంది. నొప్పి తప్పించుకోవడానికి పాదం బయటి అంచు మీద నడుస్తున్నారు. హాలక్స్ రిజిడస్ అంటాం దీన్ని. గుజ్జు అరిగి, పైన ఎముక పెరిగి, కీలు బిగుసుకుపోతుంది.

యాంకర్: మరి మార్చేస్తే సరిపోతుంది కదా?

డాక్టర్: అక్కడే చిక్కు. కీలు చూస్తే ఇంతే. అడుగు తీసేటప్పుడు ఒంటి బరువు చాలావరకు దాని మీదే పడుతుంది. 1970లలో సిలికాన్ కీళ్లు పెట్టారు. కొందరిలో అవి అరిగి, ఆ రజను వల్ల చుట్టూ ఎముక దెబ్బతింది. లోహపువి వస్తే అవి వదులయ్యే బెడద. 2016లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ, కీలులో పెట్టే కార్టివా అనే జెల్ బిళ్లకు అనుమతిచ్చింది. దాని మీద చాలా ఆశలు పెట్టుకున్నాం. 2024లో తయారుచేసినవాళ్లే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

యాంకర్: అయితే మీరేం చేస్తారు?

డాక్టర్: తొలి దశలో పెరిగిన ఎముకను చెక్కేస్తే చాలు. బాగా ముదిరితే ప్లేటు, స్క్రూలు వేసి కీలు అతికించేస్తాం.

మాస్టారు: అతికించెయ్యడమా! ఉన్న కాస్త కదలికా పోతుందిగా?

డాక్టర్: ఆ కాస్త కదలికే కదా మాస్టారూ మిమ్మల్ని ఏడిపిస్తోంది! వేలిని కొద్దిగా పైకెత్తి అతికిస్తాం, నడకకు అడ్డు రాదు.

ఫిజియోథెరపిస్ట్: నేను పూర్తిగా ఒప్పుకోను సార్. మునివేళ్ల మీద గొంతుక్కూర్చుని పనిచేసే ఆడవాళ్లు, నమాజులో వేళ్లు మడిచి కూర్చునేవాళ్లు నా దగ్గరికి వస్తారు. వాళ్లకి ఆ వంపు లేకపోతే రోజు గడవదు.

డాక్టర్: నిజమే. అందుకే మార్పిడిని కొట్టిపారెయ్యను. వయసు మళ్లి, తిరుగుడు తక్కువున్నవాళ్లకు ఆలోచిస్తా. కానీ అది చెడితే తీసేసిన చోట గుంత పడుతుంది. తుంటి నుంచి ఎముక తెచ్చి పూడ్చి అప్పుడు అతికించాలి. మొదటిసారే అతికించడం కన్నా అది చాలా కష్టం. ఈ మాట పేషెంటుకి ముందే చెప్పాలి.

ఫిజియోథెరపిస్ట్: కత్తిదాకా వెళ్లేముందు బూటు మార్చి చూడండి మాస్టారూ. అడుగు బిరుసుగా, ముందుభాగం పడవలా పైకి లేచి ఉండాలి. అప్పుడు వేలు వంగాల్సిన పని బూటే చేస్తుంది.

మాస్టారు: అలాగేనమ్మా, ముందు బూట్లే చూస్తా. సార్, ఆ చెప్పు...

డాక్టర్: అరె, ఇంకా నా చేతిలోనే ఉందా!