మందుల కవరు బల్ల మీద కుమ్మరించండి

(గుంటూరు బ్రాడీపేటలో పెన్షనర్లు జరుపుకున్న వృద్ధుల దినోత్సవంలో ఒక రిటైర్డ్ మందుల షాపాయన మాట్లాడింది, మాట్లాడినట్టే)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు చదవమని సెక్రటరీగారు కాగితం ఇచ్చారు, పదకొండు పేర్లున్నయ్, అవన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు నిమిషాలు పోతయ్, అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం. శాలువా కూడా ఇప్పుడొద్దు సార్, ఈ ఉక్కలో.

నేను డాక్టర్ని కాదండీ, ముందే చెప్తన్నా. కొత్తపేటలో ముప్పై నాలుగేళ్ళు మందుల షాపు నడిపాను, మీలో సగం మందికి బీపీ బిళ్ళ నా చేత్తోనే ఇచ్చుంటాను. వయసు పైబడ్డాక మనం మింగే బిళ్ళలే మన బుర్రని, జ్ఞాపకాన్ని ఎట్టా తింటాయో చెప్పమన్నారు. మూడు ముక్కలు రాసుకొచ్చాను, ఏ మందులు, ఎందుకు, ఏం చెయ్యాలి అని. మొదటిది మొదలెట్టే ముందు మా అమ్మ సంగతి ఒక్క నిమిషం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మ చదువుకోలేదు గానీ పాల లెక్క, చీటీపాట లెక్క, ఎవరి పెళ్ళికి ఎంత చదివించాం, అన్నీ నోటి మీదే ఉండేయి. డెబ్భై ఎనిమిదేళ్ళప్పుడు ఓ రాత్రి రెండింటికి వరండాలో నిలబడి "గొడ్లకి కుడితి పెట్టావంట్రా" అంది. మేం గొడ్లు అమ్మేసి పాతికేళ్ళయింది. తర్వాత మనవణ్ణి చూసి ఎవరి పిల్లాడని అడిగింది. పెద్దతనం అన్నాం. మా పెదనాన్నగారి కోడలు గాలి సోకింది పెదకాకాని గుడికి తీసకపొమ్మంది. ఇంకో చోట మతిమరుపు రోగం అని డోనెపెజిల్ రాశారు. అది వేసిన దగ్గర్నుంచి ఆవిడకి మాటిమాటికీ బాత్రూముకెళ్ళడం ఎక్కువైంది, చీర తడుపుకుంటంది, నాకు తెలివెక్కువ గదా, షాపులోంచి ఒంటేలు ఆపే బిళ్ళ, ఆక్సీబ్యుటినిన్, తెచ్చి పెట్టాను. చూశారా, మొదటి బిళ్ళ గేరు, రెండోది బ్రేకు. మెదడులో ఏ రసాయనాన్ని పెంచడానికి డోనెపెజిల్ ఇస్తారో దాని పనినే ఇది అడ్డుకుంటది. మందు తెచ్చిన బాధకి ఇంకో మందు. ఆ సంగతి నాకప్పుడు తెలియదా అంటే, పుస్తకంలో తెలుసు, ఇంట్లో తెలియలా.

ఒకరోజు బాత్రూములో పడింది. తుంటి విరగలేదు, ఏదో పుణ్యం. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ, చిన్నపిల్ల, మా మనవరాలి వయసు. చీటీలు చూపిస్తే పక్కన పెట్టేసి, "కాగితాలు కాదు తాతగారూ, ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ కవరుతో సహా తెండి" అంది. తెచ్చాను. బల్ల మీద కుమ్మరించింది. పదమూడు రకాలు. ఒకే గ్యాస్ బిళ్ళ రెండు పేర్లతో ఉంది, రెండూ వేస్తన్నాం. ఒక్కో షీటూ తీసి "ఇదెవరు రాశారు" అంటది. దురదకని క్లోర్‌ఫెనిరమిన్, నేనే. నిద్రకి ఆల్‌ప్రజోలామ్, నేనే. అరికాళ్ళ మంటకి అమిట్రిప్టిలిన్, అది డాక్టరే రాశాడు, రెండు నెలలకి రాశాడు, మూడేళ్ళు నడిపింది నేను. ఒంటేలు బిళ్ళ సంగతి చెప్పాగా. నేను ఆ గది గచ్చు వంక చూస్తా నిలబడ్డాను.

ఆ పిల్ల ఒక్కొక్కటే తగ్గించింది. నిద్ర బిళ్ళ ఆపడానికే నాలుగు నెలలు పట్టింది, పావు పావు తగ్గిస్తా. ఐదో నెలలో ఓ సాయంత్రం అమ్మ, "ఒరేయ్, పాలవాడు ఆదివారం నాగా పెట్టాడు, అర లీటరు కోసి ఇవ్వు" అంది. అది విని మా ఆవిడ వంటింట్లో ఏడ్చింది. పూర్తిగా వెనక్కి రాలేదండీ, అబద్ధం చెప్పను, వయసుతో పోయింది పోయినట్టే, పేర్లు మర్చిపోయేది. కానీ ఆ గొడ్లు మళ్ళీ రాలా. అన్నట్టు ఒకసారి అడిగింది, ఆ బిళ్ళలు ఏ డాక్టరు ఇచ్చాడ్రా అని. నేనేనమ్మా అన్నాను. "డబ్బులేమన్నా తీసుకున్నావా" అంది.

ఒక్క నిమిషం... సరే.

ఎందుకట్టా అవుద్ది అంటే, ఎసిటైల్‌కోలిన్ అని ఒక రసాయనం ఉంది, ఇందాక డోనెపెజిల్ దగ్గర చెప్పానే అదే, ఒంట్లో నరానికీ నరానికీ మధ్య కబురు మోసేది. నరాలు ఇట్టా రసాయనంతో కబురు పంపుతాయని రుజువు చేసింది ఒట్టో లోవీ అని, ఆస్ట్రియాలో ఉండేవాడు. ఆ ప్రయోగం ఎట్టా చెయ్యాలో ఆయనకి కలలో వచ్చిందంట, లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు, పొద్దున్నే చూస్తే తన రాత తనకే అర్థం కాలా! మర్నాడు రాత్రి అదే కల మళ్ళీ వస్తే ఈసారి రాసుకోకుండా నేరుగా ల్యాబుకి పోయి రెండు కప్ప గుండెల మీద చేశాడు. 1936లో నోబెల్ ఇచ్చారు. సరే, గంట కొట్టకండి సెక్రటరీగారూ, వస్తన్నా.

జలుబు బిళ్ళ వేస్తే ముక్కు ఎందుకు ఎండుద్ది? ఆ రసాయనాన్ని ఆపుతది కాబట్టి. ముక్కులోనే ఆపి ఊరుకోదు గదా, నోరెండుద్ది, విరోచనం బిగుస్తది, ఒంటేలు ఆగుద్ది, మెదడు మసకేస్తది. ఉమ్మెత్తకాయ తింటే పిచ్చెక్కుద్దని మన పల్లెల్లో పిల్లోడికి కూడా తెలుసు. అందులో ఉండేవి అట్రోపిన్, స్కోపొలమైన్, ఇదే పని చేసేవి. పెద్దాసుపత్రిలో పురుగుమందు తాగిన రైతుకి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు, అతని పక్కన కూర్చున్నోళ్ళకి తెలుసు, గాల్లో దారాలు లాగుతా లేనోళ్ళతో మాట్లాడతా ఉంటాడు. మా అమ్మకి నేను పెట్టింది ఆ జాతి మందే, చిన్న చిన్న డోసులో, రోజూ.

కుర్రాడికైతే ఒక బిళ్ళతో మత్తొచ్చి పోతది. మనకి కిడ్నీ మందగిస్తది, లివర్ మందగిస్తది, ఒంట్లో కొవ్వు పాలు పెరుగుద్ది, డయాజిపామ్ లాంటి నిద్ర బిళ్ళ ఆ కొవ్వులో దాక్కుని రోజుల తరబడి ఉంటది. ఇవాళ వేసింది పోకముందే రేపటిది పడుద్ది. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు 1991లోనే ముసలోళ్ళకి ఇవ్వకుండా చూసుకోవాల్సిన మందుల పట్టిక తయారు చేశాడు, దాన్ని అక్కడి వృద్ధుల వైద్య సంఘం 2023లో కూడా సవరించింది. మా అమ్మ కవర్లో నేను చేర్చినవన్నీ అందులో ఉన్నయ్. మా షాపు గోడ మీద మాత్రం దేవుడి క్యాలెండర్ ఉంది. ఆల్‌ప్రజోలామ్ అమ్మితే రిజిస్టర్లో రాయాలని 2014 నుంచి రూలు పెట్టారు, అంతకుముందు కూడా చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చేవాళ్ళం, "బాబూ నిద్ర పట్టట్లా" అని పెద్దావిడ అడిగితే కాదంటామా అనుకునేవాళ్ళం.

మిగతావి గబగబా చెప్తా. మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ళ ఏళ్ళ తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, గ్యాస్ బిళ్ళతో కూడా అంతే, అది తగ్గితే మతిమరుపు. గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంకో షుగరు బిళ్ళ వేసి అన్నం తినకపోతే షుగర్ పడిపోయి తికమకగా మాట్లాడతారు. నీరు పోయే బిళ్ళలతో సోడియం పడిపోద్ది, అదీ అంతే. రెండు మూడు రోజుల్లో మనిషి ఉన్నట్టుండి మారిపోతే అది పెద్దతనం కాదండీ, పెద్దతనం అంత తొందరపడదు. కొత్తగా ఏ బిళ్ళ మొదలెట్టారో చూడండి, జ్వరం, ఒంటేలు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించండి.

వెనక వరసలో మాస్టారూ, మీరు జేబులోంచి షీటు తీసి చూస్తన్నారు, కనపడతానే ఉంది. ఇంటికెళ్ళి పారెయ్యమాకండి! అదే నా భయం. నిద్ర బిళ్ళ ఏళ్ళుగా వేసేవాళ్ళు టక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. బీపీది, షుగరుది, రక్తం పల్చబడేది మీ అంతట మీరు ముట్టుకోవద్దు. నా మాట విని ఆపారంటే నేను రెండోసారి తప్పు చేసినట్టే.

కవరు తెమ్మని కబురు పెట్టాంగదా, తెచ్చినోళ్ళు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, మా అబ్బాయి స్నేహితుడు, ఫిజీషియన్, కూర్చునున్నాడు. జలుబువి, కీళ్ళనొప్పులవి, పక్కింటావిడ ఇచ్చినవి, ఆర్ఎంపీ పొట్లం కట్టినవి, సిగ్గుపడకుండా అన్నీ కుమ్మరించండి. టిఫిన్ తర్వాత వస్తామంటే కుదరదు, ఇప్పుడే. టిఫిన్ తిన్నాక ఈ హాల్లో ఎవరూ ఉండరని నాకు తెలుసు.